రెబ్కా ఆంటీ మింగేసిన మాట

ఫరీదాబాద్‌లో రెబ్కా ఆంటీ గుమ్మం దాకా వెళ్ళి, భోంచెయ్యకుండా తిరిగొచ్చిన మనిషి ఇంకా పుట్టలేదు. నరసాపురం నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి అక్కడే స్థిరపడిన ఆవిడ, తలుపు చప్పుడైతే చాలు, ఎవరో చూడకుండానే వంటింట్లోంచి "రండి, లోపలికి రండి, మీ ఇల్లే అనుకోండి" అని కేకేసేది. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడు చేపల పులుసు తిని, మీటరు సంగతి మరిచిపోయి, మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఒకసారి దొంగకి కూడా వడ్డించిందనీ, వాడు గిన్నెలు కడిగి బోర్లించి మరీ వెళ్ళాడనీ సెక్టారంతా చెప్పుకుంటారు. నమ్మనివాళ్ళు ఆ పులుసు తినలేదన్నమాట.

అందుకే ఆ ఇంటి మీద సాయిప్రకాష్ కన్ను పడింది. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్ కోచింగుల్లో కలెక్టరు కాబోయి, కాలేక, డైరెక్టరైపోయిన కుర్రాడు. రాక్ అండ్ రోల్ పాడే రక్తపిశాచాల మీద కామెడీ సినిమా తీస్తానన్నాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. హీరో ఆంటీ కొడుకు నోయల్, చర్చిలో పాటలు పాడేవాడు. కోరలు కొవ్వొత్తి మైనంతో, నెత్తురు ఆంటీ ఉడకబెట్టిన బీట్‌రూట్‌తో. జనవరి పొగమంచులో సూర్యుడి జాడే లేదు గనక, రాత్రి సీన్లన్నీ మిట్టమధ్యాహ్నమే లాగించేసేవారు.

నోయల్‌కి డైలాగులు అప్పజెప్పించే పని ఆంటీదే. "ఇంటివాళ్ళు పిలిస్తేనే పిశాచం గడప దాటుతుంది. పిలిచిన నోటితోనే పొమ్మంటే పోతుంది. మళ్ళీ రమ్మన్నారో, ఇక వదలదు." ఈ ముక్క దగ్గర నోయల్ నాలిక ప్రతిసారీ తడబడేది. ఆంటీకి మాత్రం కంఠతా వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం గిటారు వాయించడానికి ఒకతను వచ్చాడు. గేటు చప్పుడు కాలేదు. పొగమంచులోంచి వచ్చి గడప అవతల ఆగిపోయాడు.

"ఆ జాయియే భాయ్, షాట్ రెడీ" అన్నాడు సాయిప్రకాష్.

"ఇంటివాళ్ళు పిలవలేదండీ" అన్నాడతను, చక్కటి గోదావరి తెలుగులో.

వంటింట్లోంచి ఆంటీ అలవాటుగా కేకేసింది. "రండి బాబూ, లోపలికి రండి, మీ ఇల్లే అనుకోండి!"

అతను గడప దాటాడు. పొయ్యి మీద మంట ఒక్కసారి వంగి, మళ్ళీ లేచింది.

పేరు రవికిరణ్‌ట. ఎండ మొహం చూసిన ఒళ్ళు కాదు. వాయిస్తే మాత్రం గోడ మీద బల్లులు కూడా కదలడం మానేసేవి. ఏం పెట్టినా "తర్వాత తింటానండీ" అనేవాడు. షూటింగ్ అయ్యాక అందరూ వెళ్ళారు, అతను వెళ్ళలేదు. మీ ఇల్లే అన్నారు కదా, ఉండిపోయాడు. తీసిన సీన్లు చూస్తే గిటారొక్కటే గాల్లో ఊగుతోంది, మనిషి లేడు.

"ఆంటీ, గ్రాఫిక్స్ ఫ్రీగా వచ్చేశాయి!" అని గంతేశాడు సాయిప్రకాష్.

ఆంటీ గంతెయ్యలేదు. నోయల్ గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మెడ మీద రెండు ఎర్రటి చుక్కలు.

"మేకప్ హై మమ్మీ, టెన్షన్ మత్ లో."

కొబ్బరినూనె రాసి రుద్దింది. బీట్‌రూట్ రంగంతా పోయింది. చుక్కలు పోలేదు.

పాస్టరుగారిని పిలిచి ఇంట్లో ప్రార్థన పెట్టించింది. రవికిరణ్ గోడ మీది సిలువ కిందే కూర్చుని, కళ్ళు మూసుకుని, అందరికన్నా శ్రుతిగా కీర్తన పాడాడు. "ఎంత భక్తమ్మా ఈ కుర్రాడికి!" అని మెచ్చుకుని వెళ్ళారాయన. అప్పుడు అర్థమైంది ఆంటీకి. ఇతను తను పిలిచిన చుట్టం. పొమ్మనాల్సింది కూడా తనే.

జన్మలో ఎవర్నీ పొమ్మని ఎరగదు. సోఫాలో నోయల్ ఊపిరి వెతుక్కుంటున్నాడు. పక్కనే కూర్చుని రవికిరణ్ తీగలు బిగిస్తున్నాడు.

"లేవండి బాబూ" అంది.

"ఎక్కడికండీ? ఇది నా ఇల్లే అన్నారుగా."

"తప్పన్నాను. ఇది నా ఇల్లు. వాడు నా కొడుకు. బయటికి నడవండి."

"మమ్మీ, క్లైమాక్స్ సాంగ్ బాకీ హై" అని మూలిగాడు నోయల్.

"నోర్ముయ్యరా!"

రవికిరణ్ లేచాడు. మొహంలో కోపం లేదు. గిటారు భుజానేసుకుని, గడప దాటి, వెనక్కి తిరిగి చేతులు జోడించాడు.

"వెళ్ళొస్తానండీ."

ఆ మాట వింటే తెలుగింట పుట్టిన ఏ నోరు ఊరుకుంటుంది? ఆంటీ నోరు దానంతటదే తెరుచుకుంది.

"వెళ్ళి..."

అతను ఆగాడు. వీధిలో పొగమంచు కూడా కదలడం మానింది. నోయల్ తడబడే డైలాగు ఆంటీ చెవిలో మోగింది. మళ్ళీ రమ్మన్నారో, ఇక వదలదు.

"మిగతాది కూడా అనండి ఆంటీ" అన్నాడతను మెత్తగా. "సగంలో ఆపితే ఏం మర్యాద?"

ఆంటీ నాలిక కరుచుకుంది. నిజంగానే కరుచుకుంది. నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది. గడప అవతల అతని ముక్కుపుటాలు అదిరాయి. పెదాలు బిగించి, మిగిలిన మాటని నెత్తురుతో సహా గుటకేసి, తలుపు మూసింది.

నోయల్ తేరుకున్నాడు. సినిమా ఆఖరి పాట లేకుండానే ముగిసింది. ఇప్పుడు ఆంటీ, తలుపు చప్పుడైతే కిటికీలోంచి చూసిగానీ పిలవదు. వచ్చినవాళ్ళకి పులుసు పోస్తుంది, డబ్బాలో కట్టి ఇస్తుంది, సాగనంపేటప్పుడు మాత్రం మూగదైపోతుంది. ఢిల్లీ నీళ్ళు ఒంటబట్టి పొగరెక్కిందంటారు బంధువులు.

నోయల్ ధౌలా కువాన్‌లో కాలేజీకి బయల్దేరినప్పుడల్లా, ఆవిడ చెప్పులేసుకుని మెట్రో స్టేషన్ దాకా వెంట నడుస్తుంది. అక్కడ, జనం తోపులాటలో, వాడి చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి "వెళ్ళిరా నాన్నా" అంటుంది.

ఇంటి దగ్గర అనదు. మంచు పట్టిన రోజుల్లో గేటు అవతల ఎవరో తీగలు సవరించుకుంటూ, వింటూ ఉంటారు.