బత్తాయి తొక్కల గిన్నె మాడిన రోజు

వానలు వెనకబట్టి ఎండ కాస్త పసుపు రంగుకు తిరిగే రోజుల్లో, మంచిర్యాలలోని మా వంటింట్లో నేను బత్తాయి తొక్కలు, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, గుప్పెడు ఎండిన గులాబీ రేకులు నీళ్లలో వేసి సన్నని మంట మీద పెడతాను. కాసేపటికి ఇల్లంతా కమ్మటి వాసన అల్లుకుంటుంది. నేను మాత్రం ఆ గిన్నె ముందు నుంచి కదలను, ఫోను మోగినా కదలను.

ఈ అలవాటు మా అవ్వది. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. హుస్నాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో బాపు మరమగ్గాలు రెండు ఆడేవి. వెనకగదిలో, నూలు బస్తాల పక్కన, పక్షవాతంతో ఎడమవైపు పడిపోయిన నాయనమ్మ మంచం ఉండేది. వానాకాలమంతా చెమ్మ పీల్చుకున్న గోడలు, తడి నూలు, మగ్గాల నూనె, మందులు, అన్నీ కలిసిన వాసనతో ఆ గదిలో ఊపిరాడేది కాదు. అందుకే బతుకమ్మ పండుగ దగ్గరపడగానే, పక్కింటి రజియా చాచి ఆరబెట్టి ఇచ్చిన గులాబీ రేకులతో అవ్వ ఆ గదిలోనే కిరోసిన్ స్టవ్వు మీద ఆ గిన్నె పెట్టేది. మధ్యాహ్నానికల్లా నాయనమ్మ ముఖం తేటపడి, సత్తుపిండి ముద్ద కావాలని అడిగేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. బాపు చాయ్ తాగడానికి వెళ్లాడు. అవ్వ తంగేడు పూల కోసం ఊరి బయటికి బయల్దేరుతూ, "నీళ్లు ఇగిరిపోకుంట జర సూస్కుంట ఉండు బిడ్డా" అని నాకు అప్పజెప్పింది. రెండుసార్లు నీళ్లు పోశాను. అంతలో వెనక వీధిలో గునుగు పూలకు రంగులద్దుతున్నారని తెలిసి, ఒక్క నిమిషం చూసి వద్దామని పరుగెత్తాను. ఆకుపచ్చ, గులాబీ నీళ్లలో పూలకట్టలు ముంచి తీస్తూ, వేళ్లకు ఆ రంగులు పులుముకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

తిరిగి వస్తుంటే సందు మొదట్లోనే చేదు వాసన తగిలింది. వెనకగది తలుపులోంచి తెల్లటి పొగ వస్తోంది. నాయనమ్మను పిలిచాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. నూలు అంటుకుంటే ఏమవుతుందో నేతింటి పిల్లగా నాకు తెలుసు. అయినా కాళ్లు గడప దాటలేదు. రజియా చాచి ఇంటికి ఉరికాను. ఆమె కొంగు పట్టి లాగాను.

చాచి తడిపిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్లింది, వెనకే నేను. గిన్నె నల్లగా మాడిపోయింది, స్టవ్వు మాత్రం ఆరి ఉంది. దాని పక్కనే నేల మీద నాయనమ్మ. మంచం మీదినుంచి కిందపడి, పనిచేసే ఒక్క చేత్తో పాక్కుంటూ వచ్చి ఒత్తులు దించేసింది. ఆ చెయ్యి బొబ్బలెక్కింది. కళ్లు మూసుకునే ఉన్నాయి. చాచి నీళ్లు చల్లాక ఆమె కళ్లు తెరిచేదాకా గడిచిన ఆ కాసేపటిని తలుచుకోవడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు.

అవ్వ వచ్చాక నాయనమ్మ ముద్దమాటలతోనే చెప్పింది: "దూపైతుంటె నీళ్లకు దిగబోయి పొయ్యి మీద పడ్డ. పొల్లనేం అనకు." చాచి తల వంచుకొని మందు రాస్తూ ఉండిపోయింది. పండుగ రోజులన్నీ నిజం బయటపడుతుందని భయపడ్డాను. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతున్నప్పుడు అవ్వ నావైపు చూస్తే తల తిప్పుకునేదాన్ని. నాయనమ్మ ఆ తర్వాత రెండేళ్లు బతికింది, ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడా మగ్గాలు పాత ఇనుముకు పోయాయి. చాచి వాళ్లు ఇల్లు అమ్ముకొని వెళ్లారు. మా వెనకగది ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నిరుడు మా ఇంటికి వచ్చిన అవ్వకు, ఇన్నేళ్ల తర్వాత, జరిగిందంతా చెప్పేశాను.

"నీకు తొమ్మిదేండ్లు. పొయ్యి ముట్టిచ్చి, లేవలేని మనిషిని ఇడిసిపెట్టి పోయింది నేను," అంది. "గా భయం నాకు గుడ ఇంకా పోలే బిడ్డా."