ముక్కువీరుడి కాలు

నాలుగో తరగతిలోనే బడీ నేనూ ఒకరినొకరం వదిలించుకున్నాం. నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులు వేసే రోజుల్లో, వారపత్రికల్లో బొమ్మల కథలు చూసి నాకూ సరదా పుట్టింది. నా పొడుగు ముక్కు, డొప్ప చెవులు, బక్క చేతులు ఉన్నవున్నట్టు దించి ‘ముక్కువీరుడు’ అని ఒకణ్ణి పెన్సిల్‌తో తయారుచేశాను. వాడు గోదావరిని ఒక్క దూకులో దాటేవాడు.

ధర్మపురికి పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు మా బావ ఆ కాగితాలు తీసి, “మావోని చేతి పని జూడుండ్రి మామా!” అని పంచిపెట్టాడు. పిల్ల తండ్రి పడి పడి నవ్వి, లోపలికీ పంపాడు.

కాసేపటికి తలుపు చాటునుంచి పిల్ల గొంతు వినిపించింది.

“ముక్కు, చెవులు గాయనయే. మరి గాయన కుంటుతుండు గదా, బొమ్మెందుకు కుంటుతలేదు?”

“నోర్ముయ్యే!” అని తండ్రి గద్దించాడు. మా బావ తల దించుకున్నాడు. నా ముక్కును చూసి అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి. కాలి ఊసు మాత్రం ఎవరినీ ఎత్తనిచ్చేవాణ్ణి కాదు. సంబంధం తప్పిపోయినట్టే అనుకున్నాను.

“గా కాయితం జర ఇటియ్యుండ్రి” అన్నాను. వీరుడి ఎడమకాలు చెరిపి, నాదిలాగే వంకరగా గీసి పంపాను.

“గీ కాలుతోని గోదారి దాటుతడా?” అందామె.

“దాటుతడు. కని అవతలి ఒడ్డున ఎవలన్న చెయ్యందియ్యాలె.”

లోపల నవ్వు వినిపించింది.

ఆమెతో పెళ్లయ్యాక వీరుణ్ణి చాలాసార్లు గీశాను. ముక్కు ఇంకా సాగదీస్తూనే ఉన్నాను గాని, కాలు దాచడం మానేశాను.