అతను కంచె దూకలేదు

చాలా ఏళ్లుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. దానివల్ల నాకు నిద్ర పట్టలేదని చెబితే అబద్ధమవుతుంది. పట్టింది. సికింద్రాబాద్ తిరుమలగిరిలో మాకో చిన్న ఇల్లుంది, మంచి భర్త ఉన్నాడు, సాయంత్రాలు మల్లెచెట్టుకు నీళ్లు పోసుకుంటాను. నేను సుఖంగానే బతికాను. తప్పు చేసినవాళ్లు కుమిలిపోవాలి కదా? నేనెందుకు కుమిలిపోలేదు? అది కూడా ఒప్పుకోవలసిందే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఇక్కడే బోయిగూడలో పుట్టి పెరిగినదాన్ని, ఉద్యోగం మాత్రం సముద్రం ఒడ్డున దొరికింది. తూర్పు తీరంలో ఓ చిన్న ప్రైవేటు రేవులో భద్రతాధికారిగా చేరాను. భద్రత అంటే కంచె, కెమెరాలు, పాసులు అనుకునేదాన్ని. అంతకంటే పెద్దదని అక్కడే తెలిసింది. ఓడ ఏ దేశం వెళ్లినా, అంతకుముందు ఏయే రేవుల్లో ఆగిందో అక్కడివాళ్లకు చెప్పాలి. వాటిలో ఒక్కదానికి చెడ్డపేరున్నా ఆ ఓడను బయటే నిలిపి సోదా చేస్తారు. సరుకు ఆలస్యమవుతుంది. ఇక ఓడలవాళ్లు ఆ రేవు ముఖం చూడరు. మా కంచెలో చిన్న కంత ఉందంటే, అది ఎక్కడో దూరాన రెండు ప్రభుత్వాల మధ్య మాటయ్యేది.

మా సరుకు ఎక్కువగా కొనే ఓ పెద్ద దేశం నుంచి తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. ఢిల్లీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆ ఉదయం స్వాగతం కోసం పూలకుండీల వ్యాను వచ్చింది. పెద్ద గేటు దగ్గర సోదా పూర్తయ్యేసరికి ఆలస్యమవుతుందని, యార్డు వెనక పక్క గేటు నేనే తాళం తీసి వ్యానును లోపలికి పంపాను. అలా తీయకూడదు. తెలిసే తీశాను. తర్వాత ఫోను మోగింది, దాని వెనక ఇంకోటి. గేటు మూయడం మరిచిపోయాను.

బృందం కార్లు రేవు దగ్గరికి వస్తుండగా మా కాపలావాళ్లు కంచె బయట ఒక విదేశీ నావికుణ్ని పట్టుకున్నారు. జెట్టీలో ఆగి ఉన్న ఓడలో ఎలక్ట్రీషియన్ అతను. ఓ చిన్న ద్వీప దేశం వాడు. బయటికి వెళ్లే పాసు లేదు. వాకీటాకీలో ఆ మాట వినగానే నాకు గేటు గుర్తొచ్చింది. నేను అతని దగ్గరికి పరుగెత్తలేదు. ముందు పక్క గేటుకు పరుగెత్తి తాళం వేశాను. ఆ తర్వాతే అతని దగ్గరికి వెళ్లాను.

మరిచిపోవడం పొరపాటు. దాన్ని క్షమించుకోగలను. ఆ పరుగును మాత్రం ఏమనాలి?

అతని చేతిలో తాటాకులో చుట్టిన ముంజెలున్నాయి. రోడ్డు పక్కన అమ్ముతుంటే చూసి, గేటు తెరిచే ఉందని వెళ్లి, తోటివాళ్లకూ కలిపి కొనుక్కొని తిరిగొస్తున్నాడు. తాటాకు కింది నుంచి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూడగానే అతని ముఖం విప్పారింది. నా యూనిఫాం చూసి, ఈవిడకు తెలిసే ఉంటుంది అనుకున్నాడు కాబోలు. వెనక్కి చెయ్యి చూపించి "డోర్, మేడమ్! డోర్!" అన్నాడు. అతనికొచ్చిన ఇంగ్లీషు అంతే.

మా పెద్దసారు బృందం ముందు నిలబడి నన్నడిగారు. "ఏమంటున్నాడమ్మా ఇతను? ఎలా బయటికొచ్చాడు?"

"కంచె దుంకిండు సార్."

"నువ్వు చూశావా?"

"చూసిన సార్. కెమెరాల చూసిన."

ఆ మూల కెమెరా అప్పటికే చెడిపోయి ఉంది. ముళ్లకంచె దూకినవాడి చొక్కా ఎక్కడా చిరగలేదు, చేతిలో ముంజెలు నలగలేదు. ఎవరూ ఆ సంగతి ఆలోచించలేదు. నేను ఆలోచించాను. అయినా నోరు విప్పలేదు. అతను మాత్రం పోలీసు జీపు ఎక్కేదాకా నావైపే చూస్తూ ఆ ఒక్క మాటే అంటూ ఉన్నాడు.

ఓడను కొన్నాళ్లు ఆపారు. తర్వాత అతన్ని వదిలేసి వెళ్లిపోయింది. అతని దేశపు రాయబార కార్యాలయం గట్టిగా నిరసన చెప్పింది. మనవాళ్లు నా మాటనే సాక్ష్యంగా చూపించారు. అతన్ని చాలా రోజులు కస్టడీలో ఉంచి ఇంటికి పంపేశారు. మళ్లీ ఓడెక్కాడో లేదో నాకు తెలియదు. తనిఖీ బృందం మాత్రం మా రేవును మెచ్చుకుంది, చొరబాటును క్షణాల్లో పట్టేశారని. నాకు పదోన్నతి వచ్చింది. మిఠాయిలు పంచాను. అవును, పంచాను.

ఉద్యోగం మానేసి సికింద్రాబాద్ వచ్చాక ఆ సంగతి దాదాపు మరిచిపోయాను. ఈమధ్య మా ఆడపడుచు కొడుకు ఇంటికొచ్చాడు. అతను సరుకు ఓడలో పనిచేస్తాడు. చెంప వాచి ఉంది. ఏమైందని అడిగాను.

"పన్ను నొప్పి అత్తా. మస్తు తక్లీఫైంది. ఓడ ఆ ద్వీపంల ఆగింది గానీ డాక్టర్ దగ్గరికి సుత పోనియ్యలే. అందరు దిగుతరు, మనోళ్లే దిగొద్దంట."

ఆ దేశం పేరు చెప్పాడు. నా చేతిలోని చాయ్ కప్పు కిందపెట్టాను.

"ఎందుకంట?" అన్నాను.

"ఎన్నడో మనోళ్లు వాళ్ల మనిషిని ఉత్తగనే పట్టుకొని లోపలేసిన్రంట. అప్పటిసంది గిట్లనే."

ఆ మనిషి అతనేనా? రెండు దేశాల మధ్య ఇంకెన్ని గొడవలున్నాయో నాకేం తెలుసు? అలా సర్దిచెప్పుకోవచ్చు. రెండు రోజులు సర్దిచెప్పుకున్నాను కూడా. కానీ "ఉత్తగనే" అన్నాడు పిల్లవాడు. అక్కడ, ఓ దేశమంతటికీ నిజం తెలుసు. ఇక్కడ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మూడోరోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పాను. ఆయన కంచం పక్కకు జరిపాడు. "ఇన్నేండ్లు నాకు సుత చెప్పలే" అన్నాడు. ఓదార్చలేదు, తిట్టలేదు. ఆయన అలిగింది ఆ నావికుడి కోసమా, తన కోసమా? అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు అంతా రాసి, కింద పేరు, సంతకం పెట్టి, ఆ ద్వీప దేశపు రాయబార కార్యాలయానికీ మన నౌకాయాన అధికారులకూ పంపాను. మీ దగ్గర దాచుకున్న పేరు అక్కడ దాచుకోలేదు. జవాబు ఇంకా రాలేదు. ఆ నావికుడు బతికే ఉంటే, ఎవరైనా చదివి వినిపిస్తే, నన్ను తిట్టుకుంటాడేమో. తిట్టుకోనివ్వండి. క్షమించమని ఆ కాగితంలో అడగలేదు. అడిగితే అతని మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించింది.

ఆ కాగితాలు పంపిన రోజు పోస్టాఫీసు నుంచి నడిచే ఇంటికొచ్చాను. ఎండ బాగా ఉంది. ఆకలేసింది. ఇంత అన్నం పెట్టుకొని, పచ్చడి కలుపుకొని, కడుపునిండా తిన్నాను.