తాలుకాయలు లేని కుప్ప

ఆటో మిర్చి యార్డు వైపు తిరిగిందో లేదో ముక్కు చురుక్కుమంది. వరసగా నాలుగు తుమ్ములు! డ్రైవరు అద్దంలో చూసి నవ్వాడు. ఇన్నేళ్ళుగా గుంటూరులో ఉంటున్నా ఈ ఘాటు నాకు అలవాటు కాలేదు. కానక్కర్లేదు కూడా. తుమ్మినప్పుడల్లా అప్పయ్య మాస్టారు గుర్తొస్తారు, నాకు హుషారు పుట్టుకొస్తుంది.

ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు, అప్పట్లో మా పక్కింటాయన. మడత కుర్చీ చంకన పెట్టుకుని యార్డు గేటు ముందో, బస్టాండు టీకొట్టు దగ్గరో, పత్తి లారీ పక్కనో కూర్చుని బొమ్మలు వేసేవారు. నేనప్పుడు ఓ ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచర్ని. క్యాలెండర్లు చూసి మంచుకొండలు, హంసలు దించడంలో నన్ను మించినవాళ్ళు లేరని పొగరు. ఓరోజు నా కొండలు చూసి ఆయన, "నువ్వెప్పుడైనా మంచు తొక్కావా అమ్మాయ్?" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంతోనే మర్నాడు ఆయన పక్కన నా కుర్చీ కూడా వేశాను.

మాస్టారికో పట్టింపు ఉండేది. బొమ్మ పూర్తయ్యాక అందులో ఉన్నవాళ్ళకు చూపించాలి. వాళ్ళు అవునన్నాకే కింద సంతకం. రిక్షా అతను కాదంటే చక్రం మళ్ళీ వేయాల్సిందే.

నా మొదటి పెద్ద బొమ్మ మిర్చి కుప్ప చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళది. మంగళగిరిలో ప్రదర్శనకు ఆ సాయంత్రం ఐదింటికల్లా అందించాలి. ప్రదర్శనవాళ్ళు తీసుకోకపోతే ఇక జన్మంతా హంసలే దించుకుంటానని తేల్చేసుకున్నాను. మధ్యాహ్నం పన్నెండింటికి, బొమ్మలో ముందు కూర్చున్న కోటమ్మకు చూపించాం. అన్నం క్యారేజీ పక్కన పెట్టి, చేతులు దులుపుకుని చూసింది.

"అన్నీ ఎర్రకాయలే వేశావేందమ్మా! తాలు ఏదీ? రంగుపోయిన కాయ ఏరటానికేగా మేం కూచుంది? అంతా ఇంత మంచి సరుకైతే మమ్మల్నెందుకు పిలుస్తారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నాకు ఏడుపొచ్చింది. "బొమ్మన్నాక అందంగా ఉండొద్దా?" అని అరిచేశాను. మాస్టారు తిట్టలేదు. కోటమ్మ దగ్గర నాలుగు తాలుకాయలు తీసుకుని నా అరచేతిలో పెట్టారు.

"దారికి రెండు గంటలు పోయినా ఇంకా మూడు గంటలుంది. చూసి వెయ్యి."

చూశాను. తెలుపా అంటే తెలుపు కాదు, ఎండుగడ్డి రంగు. తొడిమ దగ్గర కాస్త నారింజ. అబ్బ, ఎంత బావున్నాయో! ఒక్కొక్కటే వేస్తుంటే పక్కనున్న ఎరుపు భగ్గుమంది. అప్పటిదాకా ఊరికే కూర్చున్న ఆ ఆడవాళ్ళ వేళ్ళకు పని దొరికింది. "ఆఁ, ఇప్పుడు మేమే" అంది కోటమ్మ. వెంటనే కింద సంతకం పెట్టేశాను. ఐదింటికి పది నిమిషాల ముందు, తడి ఆరకుండానే అందించాను. తీసుకున్నారు! ఈనాటికీ చూపించందే నేను సంతకం పెట్టను.

మాస్టారు నిరుడు పోయారు. ఇవాళ వాళ్ళావిడ ఫోన్ చేసి రమ్మంటే వచ్చాను. గదిలో గోడకు ఆనించి ఓ బొమ్మ. యార్డు గేటు, మడత కుర్చీ, మూతి ముడుచుకుని తాలుకాయ వంక గుడ్లప్పగించి చూస్తున్న నేను. ముక్కు మీద ఎర్రరంగు. కింద సంతకం లేదు.

"నీకు చూపించాలంటే భయపడేవారమ్మా, కోపిష్టివని" అన్నారావిడ.

"నా ముక్కు అంత లావుందా మాస్టారూ?" అని గట్టిగానే అన్నాను. అంతలోనే కళ్ళనీళ్ళు కారిపోయాయి. ఆ ముక్కు నాదే, ఆ మూతీ నాదే.

"నేనే మాస్టారూ" అన్నాను. "సంతకం పెట్టండి."