జపాన్ పెద్దాయన ఇంట్లో ఒంటిగంట భోజనం

ఆ రోజుల్లో నాకు రెండు భ్రమలుండేవి. పత్రికలో నేను పెట్టిన శీర్షిక అందరూ చదువుతారన్నది ఒకటి. చదివినవాళ్లు మర్నాటికి మర్చిపోతారన్నది రెండోది. కువైట్ సిటీలో ఒక చిన్న ఇంగ్లీషు పత్రికలో సబ్ ఎడిటర్‌గా కొత్తగా చేరాను. సబా అల్ సలేంలో అక్కా బావల ఫ్లాట్‌లో ఉంటూ, రాత్రిళ్లు హాల్లో సోఫా మీద పడుకునేవాణ్ణి. (సోఫా నాకన్నా పొట్టి. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలన్నది నా మొదటి గల్ఫ్ సమస్య.) ఏజెన్సీల నుంచి వచ్చిన వార్తలు కత్తిరించి, కుదించి, పైన ఒక శీర్షిక తగిలించడం నా పని. ఒకరోజు జపాన్ వెళ్లొచ్చిన విదేశీ పర్యాటకుల అభిప్రాయాల మీద వార్త వచ్చింది. విమానాశ్రయంలో క్యూలు భరించలేం, ఖర్చులు తట్టుకోలేం, మనుషులు మాత్రం వెన్నముద్దలు అని దాని సారాంశం. క్యూలు చాంతాడు, ధరలు చుక్కలు, మర్యాద కొండంత అని అర్థం వచ్చేట్టు శీర్షిక పెట్టి, చాలా బాగా కుదిరిందని నాలో నేనే మురిసిపోయాను. పాఠకుల సంగతి తెలియదు కానీ, దాన్ని మా బావ చదివాడు. చదివి, టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఎందుకంటే ఈద్ సెలవులకి అక్కనీ నన్నూ వెంటేసుకుని జపాన్ వెళ్లడానికి అప్పటికే టిక్కెట్లు కొనేశాడు.

బావ జపాన్ వెళ్లేది చెట్లకి పూసే పూలు చూడ్డానికి కాదు. భోజనానికి. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బావ విజయవాడ నుంచి వచ్చి సులైబియాలో ఒక వర్క్‌షాప్‌లో ఇంజనీరుగా చేరినప్పుడు ఆయన మొదటి బాసు ఒక జపాన్ ఆయన. అందరూ జపాన్ పెద్దాయన అనేవారు. చాలా ఏళ్లు కువైట్‌లో పనిచేసినా ఆయన ఎవరి మీదా ఒక్కసారీ గొంతు పెంచలేదట. బావ ఆలస్యంగా వస్తే ముందు చేతి గడియారం వంక చూసేవారు, తర్వాత బావ వంక చూసేవారు, చివరికి ఆకాశం వంక చూసేవారు. "మొదటి రెండూ తట్టుకోవచ్చురా, ఆ మూడో చూపే చంపేసేది" అనేవాడు బావ. ఆలస్యం అన్నానా, బావకది స్వభావం. ఫోను మోగితే, గడ్డానికి సబ్బు నురగ పూసుకుని అద్దం ముందు నిలబడి కూడా "ఆన్ ది వే సార్, ఆన్ ది వే" అనేవాడు. ఒకసారి లుంగీలో ఉండి కూడా దారిలో ఉన్నాడు. అలాంటి పెద్దాయన రిటైరై వెళుతూ, జపాన్‌లో మా ఇంటికి ఒక్కసారి భోజనానికి రావాలి అని బావ చేతులు పట్టుకున్నారు. బావ మాటిచ్చాడు. ఇన్నేళ్లకి కుదిరింది. మేం దిగే రోజునే, మధ్యాహ్నం ఒంటిగంటకి. ఆ మర్నాడు వాళ్లు ఉత్తరాన ఎక్కడో ఉన్న కూతురింటికి వెళ్లిపోతున్నారు కనుక తప్పితే మళ్లీ లేదు.

"జన్మలో ఒక్కసారైనా ఆయన దగ్గరికి టైముకి వెళ్లాలే" అన్నాడు బావ అక్కతో. "ఆయన గడియారం చూసుకుని, నన్ను చూసి, నవ్వాలి. ఆకాశం వంక చూడకూడదు."

"మీకు అంత పట్టుదల ఆఫీసుకెళ్లేటప్పుడుంటే ఈపాటికి మేనేజరయ్యేవారు" అంది అక్క, సూట్‌కేసులకి గుర్తు కోసం తన పాత పసుపుపచ్చ చీర అంచు చింపి ముక్కలు కడుతూ. సూట్‌కేసులకే కాదు, నా భుజం సంచికీ, బావ లాప్‌టాప్ సంచికీ, తన హ్యాండ్‌బ్యాగుకీ కూడా కట్టింది. (మా ఇంట్లో రైలెక్కినా విమానం ఎక్కినా చీర అంచు లేకుండా సామాను కదలదు.)

నా శీర్షిక చదివాక బావకి నిద్రపట్టలేదు. విమానం దిగడానికీ భోజనానికీ మధ్య ఉన్న వ్యవధిని ఆ క్యూ మింగేస్తే? ఆలోచించి, కువైట్‌లో మనం నేర్చుకున్న విద్యనే అక్కడా వాడాలని తీర్మానించాడు. ఆ విద్య ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఏ కౌంటరు దగ్గరికెళ్లినా ఇంటిల్లిపాదీ తలో వరసలో నిలబడాలి. ఏది ముందు కదిలితే అందులోకి మిగతావాళ్లు గెంతాలి. ఆడవాళ్లకి విడిగా వరసుంటే అక్కని ముందుకి నెట్టి, కాగితాలన్నీ ఆవిడ చేతిలో పెట్టాలి. లేకపోతే అక్క ముఖం కాస్త వాడ్చాలి. ఎవరో ఒక పెద్దమనిషి "యల్లా, ముందు ఆమెని పోనివ్వండి" అంటాడు. (యల్లా అంటే అరబ్బీలో కానివ్వండి, పదండి అని.) కువైట్‌లో మా అక్క ముఖం చూసి కదలని వరస లేదు.

రిహార్సల్స్ మా జమియాలో, అంటే పేట సహకార బజారులో జరిగాయి. తలో బుట్టా పట్టుకుని మూడు కౌంటర్ల దగ్గర నిలబడ్డాం. బావ దగ్గితే కుడికీ, చెయ్యెత్తితే ఎడమకీ దూకాలి. బావకి ఆరోజు నిజంగానే జలుబు చేసింది. ఆ దగ్గులకి నేను కుడివైపున్న బియ్యం బస్తాల దాకా వెళ్లిపోయాను. గల్లాపెట్టె దగ్గరి ఈజిప్టు ఆయన "యల్లా, యల్లా, ఎవరు ముందు?" అని అరుస్తున్నాడు. మా వెనక వీధిలో కువైటీల ఇంట్లో పనిచేసే కడప పిన్నమ్మ అప్పుడే వాళ్ల మామా, అంటే ఇంటి యజమానురాలు, చెప్పిన సరుకులు బండిలో వేసుకుని వచ్చి, మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏంది మా, ముగ్గురూ మూడు తావుల నిలబడినారు? ఇంట్లో కొట్లాడుకున్యారా ఏంది?"

"అబ్బే లేదు పిన్నమ్మా, జపాన్ వెళ్తున్నాం" అంది అక్క వాడిన ముఖం చెదరకుండా.

"జపానుకు దావ జమియాలోంచి ఎప్పుడేసినారు మా? నాకు తెలీనే తెలీదే!"

మధ్యలో ఒకచోట విమానం మారి, టోక్యో విమానాశ్రయంలో దిగాం. క్యూ చూడగానే నా శీర్షిక మీద నాకు గౌరవం పెరిగింది. చాంతాడు కూడా చిన్నదే. తాళ్లు కట్టిన దారుల్లో మనుషులు మెలికలు తిరిగి నిలబడ్డారు. విచిత్రమేమంటే ఎవ్వరూ మాట్లాడ్డం లేదు. అంత జనం, అంత నిశ్శబ్దం ఒకేచోట చూడ్డం నాకదే మొదలు.

"ఆడవాళ్ల కౌంటరెక్కడుందో చూడరా" అన్నాడు బావ గుసగుసగా.

"కనపడ్డం లేదు బావా."

"కనపడకపోవడమేంటి? రాసింది నువ్వేగా!"

"నేను శీర్షిక పెట్టాను బావా, అంతే."

ఇక మూడు వరసల పద్ధతే గతి అయింది. తలో వైపు సర్దుకున్నాం. అక్కది వేగంగా కదిలే వరస, బావది ఫరవాలేదు, నాది నా ఉద్యోగంలాగే ఎటూ కదల్లేదు. బావ దగ్గడానికి గొంతు సవరించుకుంటున్నాడు. అంతలో తెల్ల గ్లవుజులు తొడుక్కున్న ఒక అమ్మాయి నా సంచికి కట్టిన పసుపుపచ్చ ముక్క చూసింది. తలెత్తి దూరంగా బావ సంచి చూసింది. ఇంకా దూరంగా అక్క హ్యాండ్‌బ్యాగు చూసింది. అయ్యో, ఈ రద్దీలో ఒక కుటుంబం చెల్లాచెదురైపోయిందే అని ఆ అమ్మాయి గుండె కరిగిపోయింది. నడుం దాకా వంగి, మావల్లే తప్పు జరిగిందన్నంత నొచ్చుకుంటూ, తాళ్లు ఎత్తి, ముందున్న అక్కనీ మధ్యనున్న బావనీ జాగ్రత్తగా నడిపించుకొచ్చి నా వెనక నిలబెట్టింది. మళ్లీ వంగింది. మేమూ వంగాం. అంత ప్రేమగా మా కొంప ముంచినవాళ్లని నేను మళ్లీ చూడలేదు.

"ముఖం వాడ్చు" అన్నాడు బావ.

అక్క వాడ్చింది. కువైట్‌లోనైతే ఈపాటికి వరస చీలిపోయేది. ఇక్కడ ఆ అమ్మాయి పరుగున వచ్చింది, కుర్చీ వచ్చింది, నీళ్లొచ్చాయి. మమ్మల్ని ముగ్గుర్నీ వరసలోంచి తప్పించి పక్కన కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి నేల మీద మోకాళ్లూని అక్క ముఖంలోకి చూస్తూ ఏదో అడుగుతోంది. ఇంకో ఆయన ఫోనులో ఎవర్నో పిలుస్తున్నాడు.

"ఏవండీ, నాకేం కాలేదని చెప్పండి. డాక్టర్ని పిలుస్తున్నట్టున్నారు. సూది వేస్తే మీదే పూచీ!"

"నవ్వు! నవ్వవే బాబూ!"

అక్క నవ్వింది. ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టినంత పనిచేసి, మమ్మల్ని మళ్లీ క్యూలో చేర్చింది. చివర. మేం వరస తప్పినప్పుడు మా ముందున్న ఆయన అప్పటికే ఊళ్లోకి వెళ్లిపోయి ఉంటాడు. బావ ఇక దగ్గలేదు, చెయ్యెత్తలేదు. నోరు మూసుకుని నిలబడ్డాం. ఇక్కడే నాకు ఇప్పటికీ అర్థంకాని సంగతి జరిగింది. ఏ ఎత్తూ వెయ్యకుండా ఊరికే నిలబడితే, ఆ చాంతాడు చకచకా కదిలిపోయింది.

బయటికొచ్చి బావ టాక్సీ దగ్గరికి పరుగెత్తాడు. పెద్దాయన చిరునామా చూపించి, అలవాటుకొద్దీ, ఎంత, ఆఖరి మాట చెప్పు అన్నట్టు చెయ్యి తిప్పాడు. టాక్సీ ఆయన ఒక అట్ట మీదున్న ధర చూపించాడు. బావ గుండెల మీద చెయ్యేసుకున్నాడు. (శీర్షికలో రెండో భాగం కూడా నిజమే అని నాకు అనిపించింది కానీ, అనలేదు.) బేరం పోతున్నా ఆ టాక్సీ ఆయనే కిందికి దిగి, మమ్మల్ని మెట్ల దాకా తీసుకెళ్లి, రైలు ఇటు అని చూపించాడు. రైలు ఎక్కాక బావ గడియారం చూసుకున్నాడు. ముఖం వెలిగింది. సరిపోతుంది! ఫోను తీసి పెద్దాయనకి చేసి, రొమ్ము విరుచుకుని చెప్పాడు.

"సార్! ఆన్ ది వే!"

ఇన్నేళ్లలో ఆ మాట బావ నోట నిజంగా రావడం అదే మొదటిసారి అంది అక్క.

పెద్దాయన ఇల్లు సన్నటి సందులో, చిన్న గేటుతో, ముందు రెండు పూలకుండీలతో ఉంది. కాస్త ముందే చేరాం. బావ గంట మీద వేలు పెట్టి, గడియారం వంక చూస్తూ కాచుకుని, ఒంటిగంట అవగానే నొక్కాడు. లోపల ఏదో పళ్లెం కింద పడ్డ చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. జపాన్ పెద్దాయన. చేతులు మోచేతుల దాకా తడి. నడుముకి వంటింటి ఏప్రాన్. ఆ వెనక వాళ్లావిడ చేతిలో ఇంకా కడగని బియ్యం గిన్నె. మమ్మల్ని చూసి ఒక్క అరుపు అరిచి లోపలికి మాయమైపోయింది.

పెద్దాయన గడియారం వంక చూశారు. బావ వంక చూశారు. ఆకాశం వంక చూడలేదు. తలొంచుకున్నారు. ఆ వంచిన తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది. ఇంగ్లీషులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నారు.

"నువ్వు ఆన్ ది వే అన్నావు కదా. కువైట్‌లో ఇన్నేళ్లు విన్నాను. ఆన్ ది వే అంటే చెప్పిన టైముకి ఇంకో రెండు గంటలు. అందుకని మూడింటికి అనుకున్నాం."

జీవితమంతా టైముకి బతికిన మనిషి, బావ మీద నమ్మకంకొద్దీ మొదటిసారి ఆలస్యమయ్యారు. గెలవాలని వచ్చిన బావ ఎదుట ఆయన తప్పుచేసిన పిల్లాడిలా నిలబడ్డారు. మళ్లీ వంగారు. బావా వంగాడు. ఆయన ఇంకొంచెం వంగారు. ఎవరు ముందు లేవాలో తెలియక ఇద్దరూ అలాగే ఉండిపోయారు. ఇలాంటి వేళ ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో నాకు ఇంతవరకూ తెలియదు.

చివరికి బావే అన్నాడు. "సార్, మేం రాలేదు. ఇంకా ఆన్ ది వేలోనే ఉన్నాం. ఊళ్లో చిన్న పనుంది, చూసుకుని వస్తాం." మా ఇద్దరి చేతులూ పట్టుకుని సందులోకి లాక్కొచ్చేశాడు.

"భోజనానికి పిలిచినవాళ్ల గుమ్మం దాకా వెళ్లి ఆకలితో తిరిగొచ్చేదాన్ని నేనే అయ్యుంటాను ఈ లోకంలో" అంది అక్క. "ఊళ్లో ఏం పనండీ మనకి?"

"ఆలస్యం చెయ్యడం" అన్నాడు బావ.

మూలనున్న కాఫీ కొట్టు ధరల పట్టిక చూసి వెనక్కి తిరిగాం. సందులు తిరిగి తిరిగి, మళ్లీ వాళ్ల వీధి చివరికి వచ్చి, అక్కడున్న పెద్ద కూల్‌డ్రింకుల మిషను చాటున నిలబడ్డాం. కాసేపటికి పెద్దాయన గేటు తీసుకుని బయటికొచ్చారు. శుభ్రమైన చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని దారి చూస్తున్నారు. మూడైంది. నేను కదలబోతే బావ నా చొక్కా పట్టి ఆపాడు.

"ఉండరా. ఇంకొంచెం ఆలస్యంగా వెళదాం. నేను మారలేదనుకుంటే ఆయనకి బావుంటుంది."

అప్పుడు చూశాను మమ్మల్ని మేం. ముందు అక్క, వెనక బావ, ఆ వెనక నేను. ఎవరూ చెప్పకుండానే, దగ్గకుండా, చెయ్యెత్తకుండా, ఆ మిషను చాటున ఒకే వరసలో బుద్ధిగా నిలబడి ఉన్నాం. మరి కాసేపటికి బావ రొప్పుతున్నట్టు నటిస్తూ సందులోకి పరుగెత్తాడు. పెద్దాయన గడియారం చూశారు, బావని చూశారు, తల పైకెత్తి ఆకాశం వంక చూశారు. తర్వాత పకపకా నవ్వి, "యల్లా, యల్లా" అని గేటు బార్లా తెరిచారు.

ఆ అన్నం రుచి ఇప్పటికీ గుర్తుంది. ఆ వార్త ఇప్పుడు మళ్లీ నా బల్ల మీదికొస్తే ఏం శీర్షిక పెట్టాలో మాత్రం తోచదు. నేనిప్పుడు కుర్రాళ్లు పెట్టే శీర్షికలు దిద్దే వయసులో ఉన్నాను. ఫోనులో ఎవరైనా "దారిలో ఉన్నాను సార్" అంటే, బియ్యం ఇప్పుడు కడగాలా, ఇంకాసేపాగి కడగాలా అని ఇవాళ్టికీ తికమకపడుతూ, గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోతాను.