నాన్న లాగని లీవరు

పందొమ్మిదేళ్ల వయసులో మనిషికి ఏదో ఒకటి ప్రాణం కన్నా ఎక్కువగా కనబడుతుంది. కొందరికి ప్రేమ, కొందరికి బైకు. ఆ రోజుల్లో నాకది మేముండే బెంగాలీ పేట టికియాపారా క్లబ్బు వీడియో గేమ్ జట్టులో చోటు. నవ్వకండి. భవానీపూర్‌లో జరిగే పోటీకి క్లబ్బు తరఫున ఒకే ఒక్క జోడీ వెళ్తుంది. మా రైల్వే క్వార్టర్స్ తెలుగు పిల్లల్లో అంతవరకు ఆ భాగ్యం ఎవరికీ దక్కలేదు. కెప్టెన్ మోటా దా (అంటే లావు అన్నయ్య; పేరుకు తగ్గ మనిషే, క్లబ్బులో ఉన్న ఒక్క సోఫాలో ఆయన కూర్చుంటే ఇంకొకరికి చోటుండేది కాదు) "మన ఫైనల్లో గెలిచినవాళ్లే వ్యాను ఎక్కుతారు" అని తేల్చి చెప్పాడు. నేను కిందామీదా పడి ఫైనల్‌కి చేరాను. నాకు జోడీగా ఆడే పిన్ని కొడుక్కి సరిగ్గా ఆ ఉదయమే గవదబిళ్లలు లేచాయి.

జోడీ లేకపోతే ఓడినట్టే. "మీ క్వార్టర్స్ మనిషి ఎవరైనా సరే, ఇప్పుడే కూర్చోవాలి" అంటూ మోటా దా వాచీ చూసుకుంటున్నాడు. అదే సమయానికి నన్ను అన్నానికి పిలవడానికి మా నాన్న గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. షాలిమార్ గూడ్స్ యార్డులో ఆయన పాయింట్స్‌మన్. బండి ఏ లైను మీదికి పోవాలో లీవరు లాగి మార్చే ఉద్యోగం. ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టేశాను.

ఆట తెలియనివాళ్ల కోసం చెబుతాను. రెండు జోడీలు, నలుగురూ ఒకేసారి బరిలో దిగి కొట్టుకోవాలి; జోడీలో ఒక్కడు పోయినా ఓటమే. ఉత్త చేతులతోనే కాదు, దీపస్తంభం పీకి కొట్టొచ్చు, పీపాలు దొర్లించొచ్చు, చుట్టూ ఉన్న ప్రతి వస్తువూ ఆయుధమే. ఆ రోజు ఫైనల్‌కి పడిన బరి ఏమిటనుకున్నారు? రైల్వే యార్డు! అందులో ఓ లీవరు ఉంటుంది. లాగితే గూడ్సు బండి దూసుకొచ్చి పట్టాల మీదున్నవాళ్లను ఊడ్చుకుపోతుంది. దేవుడు స్వయంగా నా పక్షాన దిగాడనుకున్నాను.

"నాన్నా, నువ్వేటీ సెయ్యక్కర్లేదు. లీవరు కాడ నిలబడు. నాను లాగమనగానే ఈ ఎర్ర గుండీ నొక్కు. ఎవులైనా మీదకొస్తే ఈ నీలంది నొక్కు, తోసేస్తాది."

"అంతేనేటి?" అన్నాడు నాన్న. ఆ నిర్లక్ష్యం చూసి నాకు ధైర్యం వచ్చింది.

అవతలి జోడీ ఎదురు గల్లీ అన్నదమ్ములు. నేను వాళ్ల చేత చావు దెబ్బలు తింటూనే, ఒకడి కాలికి ఒక్కటిచ్చి, వెనక్కి వెనక్కి నడిచి, ఇద్దరినీ పట్టాల మీదికి రప్పించాను. గభాలున ప్లాట్‌ఫారం ఎక్కి "లాగు నాన్నా!" అని అరిచాను. బండి రాలేదు.

"లాగీ నాన్నా!"

"ఎలా లాగుతాన్రా? లైను మీద మనుసులున్నారు!"

"ఆళ్లు మనుసులు కాదు నాన్నా, బొమ్మలు!"

"బొమ్మయితే ఆ పిల్లడు కుంటుతున్నాడేటి? నువ్వే కదరా కొట్టినావు!"

నేను తల పట్టుకునే లోపే తెర మీది నాన్న మనిషి లీవరు వదిలేసి పట్టాల మీదికి దూకాడు. "హటో! హటో!" అని నాన్న గొంతు చించుకుంటూ నీలం గుండీ టపటపా నొక్కాడు. అన్నదమ్ములిద్దరినీ చెరొక తోపు తోసి అవతలి ప్లాట్‌ఫారం మీద క్షేమంగా పడేశాడు. "థాంక్యూ కాకూ!" అన్నారు వాళ్లు బాబాయి వరస కలిపి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతూ. క్లబ్బు క్లబ్బంతా గోల. నాన్న మాత్రం అదేమీ పట్టనట్టు లీవరు దగ్గరికి తిరిగొచ్చి, అటూ ఇటూ చూసి, "ఇప్పుడు లైన్ క్లియర్" అని ఎర్ర గుండీ నొక్కాడు.

ఆ క్షణంలో నేనెక్కడున్నానంటే, ఒళ్లు మండిపోయి, ఆ ఇద్దరి పని పట్టడానికి పట్టాలకు అడ్డంగా పరిగెడుతున్నాను.

గూడ్సు వెళ్లిపోయాక తెర మీద నా మనిషి ఆనవాలు లేదు. నాన్న బిత్తరపోయి ఒక క్షణం చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నిన్నెవుడు దిగమన్నాడ్రా పట్టాల మీదకి? బుద్ధుందా?" అని అందరి ముందూ కేకలేశాడు. ఇంటిదాకా అదే తిట్టు. ఓడిపోయామన్న సంగతి ఆయనకు తట్టనేలేదు. అన్నం దగ్గర అమ్మకు కూడా చెప్పి ఆవిడ చేత మళ్లీ తిట్టించాడు.

మర్నాడు సాయంత్రం మోటా దా ఆయాసపడుతూ మా మెట్లెక్కి వచ్చాడు. మనసు మార్చుకుని నన్నే తీసుకెళ్తాడని ఆశగా ఎదురెళ్లాను. ఆయన నన్ను పక్కకు జరిపి నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోటీకి ప్రతి క్లబ్బూ ఒక రిఫరీని కూడా తీసుకురావాలట. "అవతలివాడి ప్రాణం కాపాడిన మనిషి మీరు. మీకన్నా న్యాయమైనవాడు నాకెక్కడ దొరుకుతాడు కాకూ?" అన్నాడు.

అలా వ్యాను ముందు సీట్లో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భవానీపూర్‌కి మా నాన్న వెళ్లాడు. నేను గేటు దగ్గర కుళ్లుకుంటూ నిలబడ్డాను. తిరిగొచ్చాక కంచం ముందు కూర్చుని, ఏ దెబ్బని ఎలా కాచుకోవాలి, పీపా ఎప్పుడు దొర్లించాలి, అంతా చేతులు తిప్పుతూ నాకే నేర్పడం మొదలెట్టాడు. "నీకు తెల్దురా, సెప్తాను విను" అంటుంటే, నేను మొహం గంటు పెట్టుకుని చారన్నం కలుపుతూ కూర్చున్నాను. ఆ పందొమ్మిదేళ్లవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. వాడి పక్కన కూర్చుని చెవిలో ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది: ఒరే, తల ఎత్తి చూడరా, మీ నాన్న అంత సంబరంగా మాట్లాడటం నువ్వెప్పుడైనా చూశావా?