బోగీ మీద బొట్టు

నా ముక్కులోంచి నీలం చీమిడి వచ్చిన రోజుల గురించి రాస్తున్నాను. ఇలా మొదలుపెట్టడం బాగుండదని తెలుసు. కానీ ఎయిర్‌బ్రష్ పని అనగానే నాకు ముందు గుర్తొచ్చేది అదే. పెన్నులా ఉండే ఆ పనిముట్టుకి వెనక గాలి గొట్టం, పైన కుంకుమ భరిణె అంత గిన్నె ఉంటాయి. గిన్నెలో పలచటి రంగు పోసి మీట కిందికి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే ఆ గాలిలో రంగు కలిసి మంచులా పడుతుంది. అందులో బొమ్మ మీద పడేది సగమే. మిగతాది జుట్టులోకి, ముక్కులోకి, మూత పెట్టడం మరిచిన పప్పు గిన్నెలోకి పోతుంది. మాస్కు కట్టుకోవాలన్న బుద్ధి నాకు ఆలస్యంగా వచ్చింది. రంగు పలచన చేసే థిన్నర్ కంపు నోట్లోకి దిగి, చారు తాగినా అదే రుచి, టీ తాగినా అదే రుచి. గిన్నె కడిగిన నీళ్లు బురద పట్టిన పాలలా ఉండేవి. వాటిని ముక్కు మూసుకుని మోరీలో పోసేదాన్ని. అయినా మర్నాడు మళ్లీ కూర్చునేదాన్ని.

ఆ పనిముట్టు మా అల్లుడిది. ఖరగ్‌పూర్‌లో, హిజ్లీ కాలేజీ క్యాంపస్‌లో ఉద్యోగం. గాలి కొట్టే చిన్న కంప్రెసర్, రంగు సీసాలు, మూరెడు పొడవున్న తెల్ల ప్లాస్టిక్ రైలు బోగీ అన్నీ ముచ్చటపడి తెప్పించుకున్నాడు. నాలుగు రోజులు ఆడి, విసుగొచ్చి, అదే ఊళ్లో ఇందా పేటలో ఉన్న మా ఇంట్లో మంచం కింద పడేసి వెళ్లాడు. ఆ బోగీని నేను బయటికి తీశాను. అసలు బోగీలు కడిగే లైను పక్క క్వార్టర్లలోనే, మా ఆయన రిటైరయ్యేదాకా, నా కాపురమంతా గడిచింది. స్లీపరు బోగీ ఒంటి నీలం ఎంత ముదురో, కిటికీల దగ్గర పట్టీ ఎంత లేతో నాకు కళ్లు మూసుకున్నా కనబడతాయి.

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో పెయింట్ షాపు మనిషి. ఉద్యోగమంతా స్ప్రే గన్నుతో నిజం బోగీలకు రంగు కొట్టి రిటైరయ్యాడు. నా పక్కన నిలబడి నవ్వేవాడు.

"ఏటే ఇది? దోమ ఉచ్చ పోసినట్టుంది! మా గన్ను ఒక్కపాలి నొక్కితే తలుపు కాడ్నించి తలుపు కాడికి రంగే."

"మీ గన్నుతో దీనికి కొడితే బోగీ బోగీయే ఎగిరిపోద్ది. తప్పుకోండి, ఎలుతురడ్డు."

నవ్వితే నవ్వాడు. చేయి మాత్రం వేయలేదు. రంగు కలపడం, కిటికీలకు టేపు అంటించడం, పొర ఆరాక మరో పొర వేయడం, అన్నీ నావే. చివర్న కిటికీల కింద బోర్డు కట్టి, బియ్యపు గింజంత అక్షరాలతో 'ఖరగ్‌పూర్ – విశాఖపట్నం' అని తెలుగులో రాశాను. యాభై దాటాక, కాలనీలో ఒక టీచరమ్మ పెట్టిన సాయంత్రం క్లాసులో నేను అక్షరాలు దిద్దాను. సంతకం, సరుకుల చీటీ తప్ప నలుగురు చదివేది ఏదీ అప్పటిదాకా రాయలేదు. 'ట్నం' దగ్గర వత్తు తప్పి, తుడిచి, మళ్లీ రాశాను.

ఆ సమయంలోనే పెయింట్ షాపులో ఆయనతో పనిచేసిన ఒకాయన మా ఇంటికొచ్చాడు. వయసులో చిన్నవాడు, మా ఆయనకి తమ్ముడి వరస, నన్ను వదినా అంటాడు. ఇంకా సర్వీసులో ఉన్నాడు. బోగీ చూసి గుడ్లప్పగించాడు.

"అన్నా, ఇదేటిది! విశ్వకర్మ పూజకి మన షాపులో, సామి ముందర ఎడదాం."

"ఎడదాం. ఊరికే కూకోలేక సేసినాను," అన్నాడు మా ఆయన.

వంటింట్లో అట్లకాడ నా చేతిలో ఉండిపోయింది. వచ్చిన మనిషి ముందు మొగుణ్ణి అనకూడదని ఊరుకున్నాను. వచ్చినాయన గేటు దాటగానే మా ఆయన్ని అడిగాను.

"ఎవులు సేసినారు?"

"ఇంటిలో నీదేటి, నాదేటే?"

"పప్పు మాడినప్పుడు నాది, బోగీ మెరిసినప్పుడు మనదా? అక్కడ నలుగురి ముందర సెప్పాలి, ఇది నానే సేసినానని. సెప్తానంటేనే ఇస్తాను."

"సెప్తానులే తల్లీ, మైకు ఎట్టించి సెప్తాను."

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాను. రంగు మీద ఆఖరున ఒక పారదర్శకమైన పూత వేయాలి. వానాకాలం చెమ్మలో అది వేస్తే తెల్లగా పాలిపోతుంది. అందుకని ఆపాను. ఆ పూత లేకపోతే ఈ రంగుకి నూనె పడదు, తడి పడదు, థిన్నర్ అసలే పడదు. ఎవరినీ ముట్టుకోనివ్వద్దన్నాను. "రంగంటూ ఆరితే రాయేనే. నాకు నేర్పుతావేటి?" అన్నాడు.

పూజ రోజున వర్క్‌షాపులోకి ఇంటివాళ్లను రానిస్తారు. నేనూ వెళ్లాను. యంత్రాలకి బంతిపూల దండలు, చెవులు పగిలే పాటలు, నేల మీద నల్లటి నూనె జిడ్డు. ఆ జిడ్డు మీదే వరసగా కూర్చుని జనం ఖిచుడీ తింటున్నారు. ఎంగిలి ఆకులు చెప్పులకు అంటుకుని షాపంతా నడుస్తున్నాయి. నా బోగీ విగ్రహం ముందు బల్ల మీద ఉంది. ఒకడు ఖిచుడీ తిన్న చేతిని ప్యాంటుకి తుడుచుకుని దాని కప్పు నిమిరాడు.

సూపర్‌వైజరు బెంగాలీ అబ్బాయి, తెలుగు అర్థమవుతుంది. మీరే చేశారా అని మా ఆయన చేతులు పట్టుకుని ఊపేశాడు. "ఖూబ్ సుందర్, దాదా! ఆప్‌నే బనాయా?"

"హా, హా," అన్నాడు మా ఆయన. నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడలేదు. మెడ మాత్రం కొంచెం పొడుగైంది.

తర్వాత పంతులు దగ్గర నూనెలో తడిపిన సిందూరం పుచ్చుకున్నాడు. ఆ షాపులో ప్రతి పనిముట్టుకీ ఆ రోజు బొట్టు పెడతారు. నేను "వద్దండీ" అనేలోపే వేలు ముంచి, సరిగ్గా నా అక్షరాల నడుమ పెద్ద బొట్టు పెట్టాడు. చూస్తుండగానే నూనె నీలంలోకి ఇంకింది. ఎర్రటి మరక పుండు చుట్టూ వాపులా సాగింది.

"అయ్యో, కారిపోనాది," అన్నాడు తమ్ముడి వరస ఆయన.

"ఏటీ కాదు. తుడిస్తే పోద్ది," అన్నాడు మా ఆయన.

పెయింట్ షాపు చేతికి ఉన్న అలవాటు అది. ఇనుప బోగీ మీద మరక పడితే వేస్టు నూలు ముద్దని థిన్నర్‌లో ముంచి ఒక్క తుడుపు తుడుస్తారు, రంగు చెక్కుచెదరదు. అలాగే ముంచి, అలాగే తుడిచాడు. బొట్టుతో పాటు నీలం వచ్చింది, లేత పట్టీ వచ్చింది, బోర్డు వచ్చింది. తెల్ల ప్లాస్టిక్ తోలు ఊడిన కోడిలా బయటపడింది. నూలు ముద్దలో నా రాత నల్లటి జిగురై పోయింది.

"అన్నా, నువ్వే సేసినావు గదా? ఇది ఏ రంగో నీకు తెలీదేటి?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "రంగు నాదేరా. ఆకర్ని ఇంటిది ఏదో రాసింది. అదే ఊడొచ్చినాది."

సిగ్గు కాదు, కోపం కూడా కాదు నాకు కలిగింది. కూరలో వెంట్రుక నోటికి తగిలినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. బాగున్నదంతా ఆయనది, పాడైన ముక్క నాది.

"మొత్తం నాదే," అన్నాను. పాట మోగుతున్నా అందరికీ వినబడేలా అన్నాను. "రంగూ నాదే, రాతా నాదే. ఈయన సేసింది రెండే. బొట్టెట్టినారు, తుడిసినారు."

"మా ఇంటిది సరదా మనిషి," అంటూ మా ఆయన నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజరు నేలచూపులు చూస్తూ, "ఖిచుడీ నిన్, బౌదీ," తీసుకోండి వదినా అని ఆకు నా ముందుకు చాచాడు. తీసుకోలేదు. బోగీ చంకలో పెట్టుకుని బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చాక రంగంతా తీసేశాను. స్పిరిట్‌లో నానబెట్టి పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే, చచ్చిన నత్తల్లా పొరలు పొరలుగా ఊడింది. ఆ కంపుకి మా ఆయన వీధి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. వానలు తగ్గాక మళ్లీ నీలం వేశాను, మళ్లీ రాశాను, ఈసారి పూత కూడా వేశాను.

తమ్ముడి వరస ఆయన ఒక సాయంత్రం వచ్చాడు. వీధిలోనే మా ఆయన్ని అడగడం నాకు వినబడింది.

"అన్నా, బోగీ బాగైనాదంట గదా. వచ్చే పూజకి ఇస్తావేటి?"

గొంతులో అడ్డుపడ్డ చేప ముల్లుని కక్కినట్టు, మా ఆయన అన్నాడు. "నన్నడక్కు. అది దానిది. దాన్నే అడుగు."

ఆ మాటకి నా మనసేం చల్లబడలేదు. వచ్చినాయన గుమ్మంలోకి వచ్చి తల గోక్కున్నాడు.

"వదినా, ఇస్తావా?"

"ఇస్తాను. గాజు పెట్టెలో ఎట్టి ఇస్తాను, తాళం నా కాడుంటాది. నానే సేసినానని దాని మీద రాసుంటాది."

"మరి బొట్టు?"

"గాజుకెట్టుకోండి."